మధ్యలో సున్నా

“మధ్యలో సున్నా. కోస్తున్నాను.”

గూఢచారి ఏజెన్సీ టేపులో ఆ మనిషి గొంతు అంతవరకే ఉంది. తర్వాత కట్టర్ చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎందుకంటే ఆ మాటలు అందుకున్న మైకు, మైకు తగిలించుకున్న కాలరు, కాలరు తొడుక్కున్న మనిషి, ఆయన బాంబు విప్పుతూ నిలబడ్డ గోదాం గది, ఏవీ మిగల్లేదు.

విచారణ కమిటీ కూర్చుంది. కూర్చోవడం ఆ కమిటీకి బాగా చేతనైన పని. బిస్కెట్లు అయిపోయేదాకా కూర్చుని, ఒకే ఒక్క మాట రాసి లేచింది. ‘నిర్లక్ష్యం.’ ఆయన రెండు తీగల మధ్య పెట్టిన మీటరును ఆన్ చెయ్యకుండానే చదివి ఉంటాడనీ, అందుకే సున్నా కనిపించిందనీ, తీగల్లో కరెంటు ఉన్న సంగతి గది పేలిపోయి రుజువు చేసిందనీ వాళ్ళ తీర్పు. అప్పటినుంచి ట్రెయినింగ్ స్కూల్లో ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి క్లాసులో ఆ టేపే వినిపిస్తున్నారు. “ఇలా చావకండి” అని ప్రిన్సిపాల్ నవ్వుతూ చెబుతాడు. కొత్తవాళ్ళు కూడా నవ్వుతారు. కొత్త ఉద్యోగం కదా, పెద్దాయన నవ్వితే నవ్వాలి.

చచ్చిపోయిన మనిషి పెడసరానికి బావ. సొంత అక్క భర్త.

పెడసరం అన్నది అసలు పేరు కాదు. ఏజెన్సీలో అసలు పేర్లు వాడకూడదు, రాయకూడదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే పెదవి ఓ పక్కకు వంచి వినే అలవాటు వల్ల ఇతనికి ఆ పేరు వచ్చింది. వచ్చినందుకు అతను బాధపడలేదు. తన చుట్టూ ఉన్నవాళ్ళను చూసి పెదవి వంచకుండా ఉండటమే కష్టమని అతని నమ్మకం. బావకు మాత్రం ఎవరూ ఏ మారుపేరూ పెట్టలేదు. ఎవరినీ నొప్పించని మనిషికి పేరు పెట్టడానికి పట్టు దొరకదు.

అక్కకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆ ఆదివారం పొద్దున పెడసరం వెళ్ళేసరికి ఆవిడ ఒక పెద్దమనిషికి కళ్ళు పరీక్ష చేస్తోంది. ఆయన ముక్కు మీద బరువైన ట్రయల్ ఫ్రేము, ఎదురుగా అక్షరాల చార్టు.

“ఇది బాగుందా, ఇందాకటిదా?” అడిగింది అక్క, అద్దం మార్చి.

“రెండూ ఒకేలా ఉన్నాయమ్మా.”

“అయితే ఇంకోటి వేసి చూద్దాం.”

“ఏదో ఒకటి ఇచ్చెయ్యమ్మా, నాకు పనుంది.”

“నాకూ ఉంది బాబాయ్‌గారూ. గడ్డం పైకెత్తండి.”

ఆయన వెళ్ళాక అక్క ఫ్రేములు తుడుస్తూ కూర్చుంది. అప్పుడు అంది.

“కొత్త బ్యాచ్‌లో ఒకబ్బాయి షాపుకొచ్చాడురా. నేనెవరో తెలీదు పాపం. ఫ్రెండుతో చెప్పి నవ్వుతున్నాడు, మీటరు ఆన్ చెయ్యడం మర్చిపోయి చచ్చినాయన కథ.”

పెడసరం పెదవి వంగలేదు. ముఖంలోకి నెత్తురు పొంగింది.

“మీ బావ స్టవ్ ఆపేసి, హాల్లోకొచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి నాబ్ చూసొచ్చేవాడు. బండికి తాళం వేసి పది అడుగులు నడిచి తిరిగెళ్ళేవాడు. ఎన్ని సినిమాలకి ఆలస్యమయ్యామో! ఆ మనిషి మీటరు ఆన్ చెయ్యలేదా?” అక్క చేతిలో ఫ్రేము కౌంటర్ మీద పెట్టింది. “నాకు పతకాలొద్దు, ఫోటోలొద్దు. ఆ ఒక్క మాట కొట్టేయించు. ఇంకేం అడగను నిన్ను.”

ఆ మాట అతనికి గుచ్చుకుంది. అంతకన్నా ముందు ఒక ఆలోచన గుచ్చుకుంది. బావ రెండుసార్లు చూసి ఉంటాడు. అంటే మీటరు ఆన్‌లోనే ఉంది. అంటే ఆ సున్నా నిజం. తీగల్లో కరెంటు ఉన్నదీ నిజమే. రెండూ నిజమయ్యేదెప్పుడు?

కౌంటర్ మీదున్న రెండు పెన్సిళ్ళను రెండు చేతులతో పక్కపక్కనే నిలబెట్టి పట్టుకున్నాడు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. రెండు తీగల్లో కరెంటు ఒకే వైపు పారుతుంటే, వాటి మధ్యలో ఒకదాని క్షేత్రం ఇటు తోస్తుంది, రెండోదానిది అటు తోస్తుంది. కరెంట్లు సమానమైతే సరిగ్గా మధ్యలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీటరు సున్నా చూపిస్తుంది. నిజాయితీగా, తప్పులేని సున్నా.

ఇద్దరు సమానంగా లాగితే తాడు కదలదు. తాడు కదల్లేదు కాబట్టి లాగేవాళ్ళే లేరనుకున్నవాడు మన దగ్గర ప్రిన్సిపాల్ అవుతాడు, అనుకున్నాడు పెడసరం.

జేబులో ఫోన్ మోగింది. డైరెక్టర్.

* * *

డైరెక్టర్ గదిలో ఏసీ చలి, గోడకు ప్రపంచ పటం, పటం మీద ఎవరూ మార్చని రంగు పిన్నులు. డైరెక్టర్ పక్కన ప్రిన్సిపాల్ కూడా కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ నలగకుండా.

“రేపు మధ్యాహ్నం పన్నెండింటికి కన్వెన్షన్ హాల్లో సంతకాలు,” అన్నాడు డైరెక్టర్. “సరిహద్దు ఒప్పందం. రెండు దేశాల మంత్రులు, నాలుగొందల మంది జనం. స్టేజీ కింద బాంబు.”

“ఎవరిది?”

“అవతలి బ్యాచ్‌ది.”

అవతలి బ్యాచ్ అంటే ఒక విదేశీ ముఠా. హాలుకు గోడ పక్కనే కల్చరల్ సెంటర్ అని బోర్డు పెట్టుకుని, కింద పెయింటింగ్ క్లాసులు, పైన హత్యలు నడుపుతోంది. వాళ్ళు నేర్పే పెయింటింగ్ చూసినవాళ్ళకు హత్యలే నయమనిపిస్తుంది.

“తీసెయ్యొచ్చుగా?”

“కదిపితే పేలుతుంది.”

“మీటింగు వాయిదా వెయ్యొచ్చుగా?”

“వేస్తే మనకి చేతకాలేదని ఒప్పుకున్నట్టు. మంత్రిగారి ఆఫీసు ససేమిరా అంది.”

“అందరూ కలిసి పోతే చేతనైనట్టా సార్?”

డైరెక్టర్ ఆ ప్రశ్న వినిపించుకోలేదు. వినిపించుకోకపోవడం వల్లనే ఆయన డైరెక్టర్ అయ్యాడు. బ్రీఫింగ్ కొనసాగించాడు. బాంబులోకి పైనుంచి రెండు తీగలు దిగుతాయి. ఒకటి గార్డ్ తీగ. అందులో కరెంటు పారినంతసేపూ ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, బాంబు పేలకుండా పట్టుకుని ఉంటుంది. దాన్ని కోస్తే రిలే వదిలేస్తుంది, బాంబు పేలుతుంది. రెండోది ఫీడ్ తీగ. బాంబు పేలడానికి కావలసిన కరెంటు అందులోంచి వస్తుంది. ముందు దాన్ని కోస్తే ఇక గార్డ్ లేదు, టైమర్ లేదు, ఏమీ లేదు. ఇంట్లో పెట్టుకునే పీట లాంటిదే ఆ బాంబు.

“గార్డ్ తీగలో ఎప్పుడూ ఆరు ఆంపియర్లే. గోదాం శిథిలాల్లో దొరికిన రిలే చెప్పిన సంగతి అది. ఫీడ్‌లో మాత్రం వాళ్ళిష్టం. ఒక హీటర్ కలిపితే ఎంతైనా పెట్టుకోవచ్చు. కాబట్టి ఏ తీగలో ఎంత కరెంటుందో కనిపెట్టాలి. తీగలకి తొడుగుంది. ఏది తాకినా కల్చరల్ సెంటర్ పైగదిలో గంట మోగుతుంది, మోగితే వాళ్ళు బటన్ నొక్కేస్తారు.”

“తాకకుండా కొలవాలి.”

“అందుకే నా రూలు!” ప్రిన్సిపాల్ ముందుకు వంగాడు. ఆయన కళ్ళలో మెరుపు కనిపించింది. “నడిమధ్య రూలు. రెండు తీగల నడిమధ్య ప్రోబ్ పెట్టు. ఒకే ఒక్క రీడింగ్. సున్నా వచ్చిందా, రెండూ డెడ్. ముల్లు వాలిందా, వాలిన వైపుది గార్డ్, రెండోది డెడ్. సింపుల్, ఎలిగెంట్, టైమ్ సేవింగ్.”

“రెండింట్లోనూ కరెంటుంటే సార్?”

“ప్రాక్టికల్‌గా అలా ఉండదు బాబూ. నా రూలు ఇన్నేళ్ళుగా నడుస్తోంది.”

“మా బావ మీంచి కూడా నడిచింది.”

ప్రిన్సిపాల్ తన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. డైరెక్టర్ గోడ మీద పిన్నుల వంక చూశాడు.

“నేను తిరిగొస్తే ‘నిర్లక్ష్యం’ అన్న మాట కొట్టెయ్యాలి,” అన్నాడు పెడసరం.

“ముందు తిరిగిరా,” అన్నాడు డైరెక్టర్.

గ్యాడ్జెట్ల సెక్షన్‌లో ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చారు. కొనలో మాగ్నెటిక్ ప్రోబ్, పిడి మీద సెంటీమీటర్ల గీతలు. రీడింగ్ చేతి వాచీ డయల్ మీద ముల్లులా కనిపిస్తుంది. ఇంకా విషం గుచ్చే ఉంగరం, పొగ చిమ్మే షూలేసు ఇవ్వబోయారు. షూలేసు గతవారం టెస్టింగ్‌లో ఒక ఆఫీసర్ ప్యాంటు కాల్చిందని విని, అతను మామూలు లేసులతోనే బయటపడ్డాడు.

* * *

మర్నాడు పొద్దున, కన్వెన్షన్ హాలు ఎదురు కాఫీ షాపు. పెడసరం ఏసీ మెకానిక్ వేషంలో ఉన్నాడు. నీలం డ్రెస్సు, నూనె మరకలు, భుజాన సంచి. లోకంలో ఏసీ మెకానిక్ ముఖం గుర్తుపెట్టుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

“ఈ కుర్చీ ఖాళీయేనా?”

“వానొచ్చేదాకా ఖాళీయే.”

ఎండ చీల్చి చెండాడుతోంది. కోడ్‌వర్డులు రాసే సెక్షన్‌లో ముగ్గురు పనిచేస్తారు, ముగ్గురిలో ఒక్కరికీ కిటికీ లేదు.

కుర్చీలో కూర్చున్నది అత్తరు. ఆవిడ రాకముందే ఆవిడ వాసన వస్తుంది కాబట్టి ఆ పేరు. ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలు, మెడలో ముత్యాలు. పక్క టేబుళ్ళ మగవాళ్ళు కాఫీ కప్పుల్లో చక్కెర వేసుకోవడం మరిచిపోయారు. ఆవిడ రెండు వైపులా జీతం తీసుకుంటుంది. మనవైపు ఇచ్చే సమాచారం అవతలికీ, అవతలివైపు ఇచ్చేది మనకీ చేరవేస్తుంది. ఈ పనినే పోస్టుమాన్ సైకిల్ మీద చేస్తే ఎవరూ గ్లామర్ అనరు.

“తొందరగా చెప్పు,” అన్నాడు పెడసరం.

“మర్యాద నేర్పలేదా నీకు?”

“నేర్పారు. మనుషులతో వాడమన్నారు.”

ఆవిడ నవ్వింది. కోపం రానివాళ్ళను అతను ఎప్పుడూ నమ్మలేదు.

“ఎడమది గార్డ్. కుడిది ఫీడ్. ఫీడ్‌లోకి కరెంటు సరిగ్గా పన్నెండుకే వదుల్తారు, అప్పటిదాకా అది చచ్చిన తీగ. కుడిది కోసెయ్, పనైపోతుంది.”

“నిన్నెందుకు నమ్మాలి?”

“నమ్మొద్దు. నడిమధ్య కొలుచుకో. ముల్లు ఎడమకి వాలుతుంది. పన్నెండు మైక్రోటెస్లాలు. అక్కడ ఒక్కో ఆంపియర్‌కి రెండు లెక్కన, ఆరు ఆంపియర్లు. అంతేగా?”

అంతే. లెక్క సరిగ్గా కుదిరింది. మరీ సరిగ్గా కుదిరింది. పెడసరం కాఫీ తాగుతూ ఆవిడ మాటను ఇంకోసారి మనసులో విన్నాడు. ‘మధ్యలో’ అనలేదు. ‘నడిమధ్య’ అంది. ఏజెన్సీలో తలుపులు మూసి చెప్పే క్లాసులో ఒకే ఒక్క మనిషి వాడే మాట అది. అది ఈవిడ లిప్‌స్టిక్ దాకా ఎలా వచ్చింది?

“థాంక్స్,” అన్నాడు లేస్తూ. “కాఫీ డబ్బులు నువ్వే ఇయ్యి. నీకు రెండు జీతాలు.”

* * *

స్టేజీ కింద గది ఇరుకు. పాత కుర్చీలు, చుట్టేసిన తివాచీలు, పెయింటు డబ్బాలు. వెనక గోడకు ఆనించి అలమారంత ఇనప్పెట్టె. దాని మీదికి పైకప్పులోంచి రెండు తెల్లటి తొడుగు తీగలు నిటారుగా దిగుతున్నాయి. మధ్యలో ఇరవై సెంటీమీటర్ల ఎడం. పింగాణీ బొత్తాలకు కట్టి, గోడకు తగలకుండా, స్కేలు పెట్టి గీసినట్టు సమాంతరంగా బిగించారు. హంతకులే గానీ పనివాళ్ళు. మనవైపు ఇంత శుభ్రంగా ఒక ఫ్యాను కూడా బిగించలేరు.

తలపైన చెక్కల మీద బూట్లు తిరుగుతున్నాయి. మైకులో ఎవరో పూలగుచ్ఛాల గురించి ఆదేశాలిస్తున్నారు.

పెడసరం ముందు గది అవతలి మూలకు వెళ్ళి, ప్రోబ్‌ను తర్వాత పట్టుకోబోయే దిశలోనే పట్టుకుని వాచీ సున్నాకు తిప్పాడు. భూమికి కూడా తన అయస్కాంతం ఉంది, దాన్ని ముందే తీసెయ్యకపోతే అదీ లెక్కలో దూరుతుంది. తర్వాత వచ్చి తీగల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొనను దేనికీ తగలకుండా నడిమధ్యకు జరిపాడు.

ముల్లు ఎడమకు వాలింది. పన్నెండు.

అత్తరు చెప్పినట్టే. ప్రిన్సిపాల్ రూలు ప్రకారం ఎడమది గార్డ్, కుడిది చచ్చిన తీగ. రూలు నమ్మినవాడు ఇక్కడే కుడిది కోసేస్తాడు. బావను కూడా ఇలాగే ఒక సున్నా దగ్గర నిలబెట్టి ఆ రూలు వదిలేసింది. ఆయన కళ్ళు తప్పు చూడలేదు, ఆయన చెయ్యి తప్పు చెయ్యలేదు. నిలబెట్టిన చోటే తప్పు. పెడసరం పని చూసుకున్నాడు.

పన్నెండు అన్నది రెండు తీగల తేడా మాత్రమే. ఎడమది కుడిదానికన్నా ఆరు ఆంపియర్లు ఎక్కువ, అంతవరకే తెలిసింది. ఆరూ సున్నా కావచ్చు, పదీ నాలుగూ కావచ్చు, మరేదైనా కావచ్చు. ఒక్క రీడింగ్‌తో రెండు కరెంట్లు దొరకవు. ఇది స్కూల్లో చెబుతారు. ఆ స్కూలు దాటి వచ్చాక ఏజెన్సీలో మర్చిపోయేలా ట్రెయినింగ్ ఇస్తారు.

ఇది బాగుందా, ఇందాకటిదా?

ప్రోబ్‌ను ఎడమ తీగకు బయటివైపు తీసుకెళ్ళాడు. తీగ నుంచి పది సెంటీమీటర్లు. పిడి మీద గీతలు చూసుకున్నాడు. మధ్యలో పోట్లాడుకునే క్షేత్రాలు బయటికొస్తే ఒకటవుతాయి, రెండూ ఒకే వైపు తోస్తాయి. ముల్లు ఈసారి కుడికి దొర్లి ఇరవై ఎనిమిది దగ్గర నిలబడింది.

కుడిది చచ్చిన తీగే అయితే ఇక్కడ కూడా పన్నెండే రావాలి. అంటే అది బతికే ఉంది.

లెక్క వేశాడు. ఎడమ తీగ ఇక్కడ ఆంపియర్‌కి రెండు ఇస్తుంది. కుడిది మూడింతల దూరంలో ఉంది కాబట్టి దాని వంతు అందులో మూడోవంతు. ఎడమలో ఎక్కువున్న ఆరు ఆంపియర్లు తెచ్చేది పన్నెండు. ఇరవై ఎనిమిదిలో అది పోతే పదహారు మిగిలింది. ఆ పదహారు రెండింట్లోనూ సమానంగా ఉన్న మిగతా కరెంటుది. రెండు తీగల్లో చెరి మూడు ఆంపియర్లుంటే ఇక్కడ ఎనిమిది వస్తుంది. పదహారు వచ్చిందంటే చెరి ఆరు.

కుడిలో ఆరు. ఎడమలో పన్నెండు.

గార్డ్ కుడిది. ఆవిడ కోసెయ్యమన్నదే గార్డ్.

పైన చప్పట్లు మోగాయి. మంత్రులు వచ్చేశారు. మైకు గొంతు సవరించుకుంది. పెడసరం కట్టర్ తీశాడు, ఎడమ తీగ దాకా తెచ్చాడు, ఆగాడు. బావ అయితే ఇంకోసారి చూసేవాడు. సినిమాకి ఆలస్యమైనా సరే.

కట్టర్ కింద పెట్టి ప్రోబ్‌ను కుడి తీగ బయటివైపు పెట్టాడు. తన లెక్క నిజమైతే ఇక్కడ కుడిదాని పన్నెండు, ఎడమదాని ఎనిమిది కలిసి ఇరవై రావాలి. ముల్లు కదిలింది, వణికింది, ఎడమవైపు ఇరవై మీద నిలబడింది.

“ఇంకా కొలుస్తూనే ఉన్నావా?”

వెనక అత్తరు. వాసన ముందే రావాల్సింది, పెయింటు డబ్బాలు ఆపేశాయి. చేతిలో అరచేతిలో ఇమిడే పిస్తోలు.

“ఇంకా పేలలేదేంటో చూసిరమ్మన్నారు మా బాస్,” అందావిడ. “ఏడీ నీ కట్టర్? కుడిది కొయ్యమన్నానుగా. నేను మెట్లెక్కి వెళ్ళేదాకా ఆగి కొయ్యి.”

“ఎంత ప్రేమ!” అన్నాడు పెడసరం. కట్టర్ అందుకున్నాడు. పైన మైకులో “ఇప్పుడు మంత్రిగారు సంతకం…” అని వినిపించింది. కట్టర్ పళ్ళు ఎడమ తీగ వైపు వెళ్ళాయి.

“అది కాదు!” ఆవిడ గొంతు చీలిపోయింది. “ఎడమది కాదు, ఆగు!”

లెక్కలో చివరి అనుమానం ఆ అరుపుతో తీరిపోయింది. అతను కోసేశాడు.

పైగదిలో గంట మోగింది. ఆ వెంటనే ఇనప్పెట్టెలోంచి టక్ మని చప్పుడు. ఏమీ జరగలేదు. గోడ గడియారం పన్నెండు దాటింది. టైమర్ కూడా ఒకసారి గిలగిలా కొట్టుకుని ఊరుకుంది.

టక్. టక్. టక్ టక్ టక్.

“కాల్చాలనుకుంటే కాల్చు,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “ముందు ఆ చప్పుడేంటో విను. మీ బాస్ పైన బటన్ నొక్కుతున్నాడు. లిఫ్టు రాకపోతే నొక్కుతారే, అలాగ. నిన్ను కిందికి పంపింది కూడా ఆయనేగా?”

అత్తరు విన్నది. టక్ మన్నప్పుడల్లా ఆవిడ ముఖంలో ఒక రంగు పోయింది. పిస్తోలు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

“చూసిరమ్మన్నాడు,” అంది మెల్లగా. “వెధవ. చూసి రమ్మన్నాడు నన్ను.”

“మూడో జీతం కావాలంటే ఇదే సమయం.”

“బాస్ వెనక మెట్ల దారినే వెళ్తాడు. ఎప్పుడూ అంతే. మీవాళ్ళు ముందు గుమ్మం దగ్గరే కాపలా కాస్తుంటారని వాడికి తెలుసు.” ఆవిడ పిస్తోలు పర్సులో వేసుకుంది. “ఒక్కటి చెప్పు. కుడిది ఎందుకు కొయ్యలేదు? మీవాళ్ళకి నడిమధ్య తప్ప ఇంకో చోటుందని తెలీదనుకున్నామే.”

“ఆ రూలు మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పడమేంటి? మీ ప్రిన్సిపాలే. మూడేళ్ళ కింద, ఇంటర్నేషనల్ సెక్యూరిటీ సెమినార్‌లో. స్లైడ్లేసి మరీ. డిన్నర్ కూడా పెట్టారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆయన పొంగిపోయి ఇంకో రెండు స్లైడ్లు వేశాడు.”

బావ పోయింది ఆ సెమినార్ తర్వాత నెలలోనే. దేశద్రోహమై ఉంటే కొంత గౌరవమైనా ఉండేది. ఇది ఒక డిన్నరు, నాలుగు చప్పట్లు. పెడసరం కట్టర్‌ని సంచిలోకి విసిరేశాడు.

* * *

బాస్‌ను వెనక మెట్ల మీద పట్టుకున్నారు. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కింద ఏం జరిగిందో హాల్లో ఎవరికీ తెలియలేదు, మంత్రి తన పెన్ను బాగా రాయలేదని మాత్రం విసుక్కున్నాడు.

సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్ ఒక ప్రకటన తయారుచేశాడు: ‘నడిమధ్య రూలు సాధించిన మరో విజయం.’ మర్నాడు ట్రెయినింగ్ స్కూల్లో అభినందన సభ. కొత్త బ్యాచ్ అంతా వచ్చింది. డైరెక్టర్ వచ్చాడు. పెడసరం తన అక్కను వెంటపెట్టుకుని వచ్చాడు. వేదిక మీద ఒక బల్ల, బల్ల మీద మూతేసిన చెక్కపెట్టె, దాంట్లోంచి పైకి నిటారుగా రెండు తీగలు.

“డెమాన్‌స్ట్రేషన్ సార్,” అన్నాడు ప్రిన్సిపాల్‌తో. “మీ రూలు మీ చేత్తోనే చూపిస్తే పిల్లలకి బాగుంటుంది.”

ప్రిన్సిపాల్ సంతోషంగా లేచాడు. ప్రోబ్ నడిమధ్య పెట్టాడు. వాచీ పైకెత్తి అందరికీ చూపించాడు.

“సున్నా! రెండూ డెడ్.”

“కొయ్యండి సార్.” పెడసరం కట్టర్ అందించాడు.

ప్రిన్సిపాల్ కట్టర్ తీసుకున్నాడు. కుడి తీగ దాకా తీసుకెళ్ళాడు. ఆగాడు. “పెట్టెలో ఏముందయ్యా?”

“రెండూ డెడ్ కదా సార్. ఏముంటే ఏం?”

ప్రిన్సిపాల్ నుదుటి మీద చెమట పట్టింది. కట్టర్ బల్ల మీద పెట్టాడు. రెండో చేతిలో ఉన్న ప్రోబ్, ఆయన ప్రమేయం లేకుండానే, మెల్లగా ఎడమ తీగ దాటి బయటికి జరిగింది.

“పక్కన కూడా ఒకసారి…” అంటూ ఆయనే ఆగిపోయాడు. అప్పటికే అందరూ విన్నారు.

“ఈ మాట మా బావకి చెప్పలేదే సార్ మీరు.” పెడసరం గొంతులో వెటకారం లేదు. మొట్టమొదటిసారి లేదు. “ఆయన మీ మాట నమ్మి ఒక్క చోట కొలిచాడు. మీరు మీ మాటే నమ్మలేకపోయారు. సెమినార్‌లో చప్పట్లు కొట్టినవాళ్ళు మాత్రం బాగా నమ్మారు. ఆరుకి ఆరు పెట్టి మా బావకి సున్నా చూపించారు.”

అక్క లేచి వచ్చింది. కట్టర్ తీసుకుంది. ఎవరివంకా చూడకుండా కుడి తీగ టక్కున కోసింది. ప్రిన్సిపాల్ రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరాడు.

పెట్టెలో కాలింగ్ బెల్ మోగింది. మోగుతూనే ఉంది.

“డైరెక్టర్‌గారూ,” అంది అక్క, ఆ మోత మీదుగా, “నిర్లక్ష్యం ఎవరిదండీ?”

డైరెక్టర్‌కి ఈసారి వినిపించుకోక తప్పలేదు. బల్ల కిందున్న బూట్ల వంక చూసి, “కొట్టేయిస్తానమ్మా,” అన్నాడు. “ఈరోజే.”

అక్క ఏడవలేదు. కట్టర్‌ని పెట్టె పక్కన జాగ్రత్తగా పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, ఫైలు తెప్పించమని అడిగి, డైరెక్టర్ ఆ మాట కొట్టెయ్యడం కళ్ళారా చూసి వెళ్ళింది.

ప్రిన్సిపాల్‌ను తీసెయ్యలేదు. ఏజెన్సీలో ఎవరినీ తీసెయ్యరు. అదే జీతం మీద అదే బోర్డు ముందు నిలబెట్టి కొత్త రూలు చెప్పిస్తున్నారు: తీగలు రెండైతే కనీసం రెండు చోట్ల కొలవాలి, కొలిచాక ఇంకో చోట సరిచూసుకోవాలి. ఆ రూలుకు చచ్చిపోయిన మనిషి పేరే పెట్టాలని డైరెక్టర్ పట్టుబట్టాడు. అసలు పేరు రాయకూడదు, మారుపేరేమో లేదు. ఆయన గురించి ఏజెన్సీ విన్నది పెడసరం నోటి వెంట వచ్చిన ఒక్క మాటే కాబట్టి చివరికి దాన్నే ఖాయం చేశారు.

అలా ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచ్ మొదటి క్లాసులో, డెబ్భై మంది ముందు, ఇస్త్రీ నలగని ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, “బావ రూలు” అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి సరిగ్గా రాశాడో లేదో ఇంకోసారి చూసుకుంటున్నాడు.